పతకం ఎవరి ఖాతాలో? స్టెఫానో చెరియోని జీవితం చెప్పే ఫెన్సింగ్ కోచ్ కథ

2016 ఆగస్టు 10న రియో ఒలింపిక్స్‌లో మహిళల ఫాయిల్ ఫైనల్. ఒకవైపు ఎలీసా డి ఫ్రాన్సిస్కా, నాలుగేళ్ల ముందు లండన్‌లో స్వర్ణం గెలిచిన ఇటలీ క్రీడాకారిణి. ఎదురుగా రష్యాకు చెందిన ఇన్నా డెరిగ్లజోవా. పోరు చివరిదాకా సాగి 12-11తో డెరిగ్లజోవా గెలిచింది. స్కోరు పట్టిక చూసినవాళ్లకు ఇది ఇటలీ మీద రష్యా విజయం, అంతే. కానీ ఓడిన ఎలీసాది ఇటలీలో యేజీ అనే చిన్న ఊరు. గెలిచిన రష్యా ఫాయిల్ జట్టుకు ప్రధాన కోచ్ స్టెఫానో చెరియోని. ఆయనదీ యేజీనే. లండన్‌లో ఎలీసా గెలిచిన రోజున ఇటలీ ఫాయిల్ జట్టును నడిపించిందీ ఆయనే.

మరి రియో స్వర్ణాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? ప్రధాన కోచ్ ఖాతాలోనా? డెరిగ్లజోవాకు చిన్నప్పటి నుంచి ఆట నేర్పిన ఇల్దార్ మవ్ల్యూతోవ్ ఖాతాలోనా? పెద్ద కోచ్‌ల గురించి రాసేటప్పుడు ‘ఈయన హయాంలో ఇన్ని పతకాలు’ అని ఒక లెక్క వేసి వదిలేయడం మనకు అలవాటు. చెరియోనికి అలాంటి లెక్క వేస్తే చాలా పొడుగొస్తుంది. ఆ లెక్కలో తప్పు లేదు గానీ దాన్నిబట్టి ఆయన చేసిన పనేంటో మాత్రం తెలియదు. ఫెన్సింగ్‌లో కోచ్ అనే ఒక్క మాట కింద కనీసం రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. ఒకటి చేతికి కత్తి నేర్పడం. రెండోది ముగ్గురు నలుగురు ఛాంపియన్లను ఎంచి ఒక జట్టుగా నిలబెట్టడం. చెరియోని పేరు మోగింది రెండో పనిలో. దాన్ని మొదటి పనితో కలిపేస్తే ఆయనకు దక్కాల్సిన గౌరవమూ సరిగా దక్కదు, ఆయన వెనకున్నవాళ్లకు దక్కాల్సిందీ దక్కదు.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపీ, సేబర్ అని మూడు రకాల కత్తులు, మూడు రకాల పోటీలు. ఫాయిల్ తేలికపాటి కత్తి. బరువు అరకిలో లోపే. మొనతో పొడిస్తేనే పాయింటు, అదీ ఛాతీ, పొట్ట, వీపు లాంటి మొండెం భాగాల మీదే. మొన తగిలితే యంత్రం మీద లైటు వెలుగుతుంది. ఇద్దరికీ ఒకేసారి వెలిగితే ముందు దాడికి దిగినవాళ్లకు పాయింటు. ఎదుటివాడు ఆ దాడిని కత్తితో అడ్డుకుంటే హక్కు అతనికి పోతుంది, తిరిగి పొడిచే అవకాశం అతనిది. ఈ హక్కు ఏ క్షణంలో ఎవరిదో తేల్చేది రిఫరీ. అందుకే ఫాయిల్‌లో చేతివేగంతోపాటు రిఫరీ కంటికి ‘దాడి నాది’ అని కనిపించేలా ఆడటం కూడా నేర్చుకోవాలి. వ్యక్తిగత నాకౌట్ పోరు 15 పాయింట్లకు. మూడేసి నిమిషాల మూడు విడతలు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. కోచ్ దగ్గరకొచ్చి మాట్లాడగలిగేది ఆ నిమిషంలోనే.

యుద్ధఖైదీ నేర్పిన ఊరు

మధ్య ఇటలీలోని మార్కె ప్రాంతంలో, అంకోనా దగ్గర, సుమారు 40 వేల జనాభా ఉన్న పట్టణం యేజీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఎత్సియో ట్రిక్కోలి అనే ఈ ఊరి మనిషి పట్టుబడి, దక్షిణాఫ్రికాలోని జోండర్‌వాటర్ యుద్ధఖైదీల శిబిరానికి చేరాడు. ఫెన్సింగ్ నేర్చుకున్నది అక్కడే. యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక 1947లో యేజీలో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. ఆయనేమీ పెద్ద వంశపు కత్తివీరుడు కాదు, రాజధానిలో అకాడమీ నడిపినవాడూ కాదు. అయినా ఆ ఒక్క క్లబ్బు నుంచి వచ్చిన పేర్లు చూడండి. 1988 సియోల్ పురుషుల ఫాయిల్‌లో చెరియోని. 1992 బార్సిలోనా మహిళల ఫాయిల్‌లో జొవాన్నా ట్రిల్లిని. 2000, 2004, 2008లో వరుసగా మూడుసార్లు వాలెంటీనా వెజ్జాలి. 2012లో ఎలీసా డి ఫ్రాన్సిస్కా. ఇవన్నీ వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణాలే. 1988 నుంచి 2012 వరకు జరిగిన ఏడు ఒలింపిక్స్‌లో ఆరింట, ఫాయిల్ వ్యక్తిగత స్వర్ణాల్లో ఒకటి ఈ ఊరికి వచ్చింది. మిగిలిన 1996లోనూ వెజ్జాలి రజతం, ట్రిల్లిని కాంస్యం తెచ్చారు. 2004 ఏథెన్స్ ఫైనల్ ఈ ఇద్దరి మధ్యే జరిగింది. ఒకే ఊరు, ఒకే క్లబ్బు, ఒకే గురువు.

ఇదంతా చెప్పకుండా చెరియోనిని ‘మాంత్రికుడు’ అనడం నాకు నచ్చదు. ఆయన ఇటలీ కోచ్ అయ్యేనాటికే వెజ్జాలి ఖాతాలో రెండు వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణాలున్నాయి. ట్రిక్కోలి 1996లో కన్నుమూశాడు. ఆయన వేసిన పునాది మీద వచ్చిన పతకాలు ఆ తర్వాత పదహారేళ్లపాటు వస్తూనే ఉన్నాయి. ఫెన్సింగ్‌లో శ్రమకూ పతకానికీ మధ్య దూరం అంత ఉంటుంది. ఈ రోజు గెలిచిన పతకానికి కారణం పదిహేనేళ్ల కిందట ఏదో చిన్న హాల్లో చెప్పిన పాఠం కావచ్చు.

చెరియోని 1964లో మాడ్రిడ్‌లో పుట్టాడు. కత్తి పట్టింది మాత్రం యేజీలో. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఇరవై ఏళ్లకే టీమ్ ఫాయిల్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. నాలుగేళ్లకు సియోల్‌లో ఫైనల్‌లో తూర్పు జర్మనీకి చెందిన ఉడో వాగ్నర్‌ను ఓడించి స్వర్ణం అందుకున్నాడు. ఆ పోటీలో కాంస్యం గెలిచింది సోవియట్ దిగ్గజం అలెగ్జాండర్ రొమన్‌కోవ్. ఆ ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్‌లో ఇటలీకి దక్కిన స్వర్ణం అదొక్కటే. 1984 జట్టులో ఆయనతో ఆడినవాళ్లలో అంద్రేయా చిప్రెస్సా ఒకడు. ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

గెలిచినవాడు నేర్పగలడా?

ఒలింపిక్ ఛాంపియన్ కాబట్టి మంచి కోచ్ అవుతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇటలీలో ఆ భ్రమ వ్యవస్థకు కూడా లేదు. అక్కడ ఫెన్సింగ్ గురువును మాయెస్ట్రో అంటారు. ఆ బిరుదు పతకంతో రాదు, చదివి పరీక్ష పాసై డిప్లొమా తెచ్చుకోవాలి. నేపుల్స్‌లో 1861లో పుట్టిన జాతీయ ఫెన్సింగ్ అకాడమీ ఈ పరీక్షలు పెడుతుంది.

ఎందుకంత పట్టుదలో తెలియాలంటే మాయెస్ట్రో ఇచ్చే వ్యక్తిగత పాఠాన్ని దగ్గర్నుంచి చూడాలి. శిష్యురాలు మామూలు తెల్ల జాకెట్‌లో ఉంటుంది. గురువు మాత్రం ఛాతీకీ చేతికీ మందపాటి తోలు తొడుగు వేసుకుంటాడు. ఎందుకంటే ఆ ఇరవై ముప్పై నిమిషాల్లో ఆయన్ని పొడుస్తూనే ఉంటారు. ఇద్దరూ ముందుకూ వెనక్కూ అడుగులేస్తారు, మాటలు దాదాపు ఉండవు. గురువు తన కత్తిని అంగుళం పక్కకు జరుపుతాడు. అది సంకేతం: ఇక్కడ ఖాళీ ఉంది, పొడువు. అమ్మాయి చెయ్యి ముందు సాగాలి, ఆ తర్వాతే పాదం లేవాలి. పాదం ముందు లేచిందా, గురువు కత్తి గభాలున ఆమె కత్తిని పక్కకు నెట్టేసి మాస్క్ కింద ఛాతీ మీద మొన ఆనిస్తుంది. తిట్టడు. మళ్లీ వెనక్కి వెళ్లి అదే దూరంలో నిలబడి అదే అంగుళం ఖాళీ ఇస్తాడు. ఈసారి చెయ్యి ముందు కదిలింది, మొన దిగింది. మరుసటి విడత ఖాళీ ఇచ్చి చివరి క్షణంలో మూసేస్తాడు, ఇప్పుడామె దారి మార్చుకోవాలి. ఇలా వందల సార్లు. ఏ సంకేతం ఇచ్చాడో, ఎంత ఆలస్యంగా ఇచ్చాడో, ఆ రోజు ఆ అమ్మాయి స్థాయికి సరిగ్గా ఎంత కష్టం కావాలో ఆ లెక్కలోనే పాఠమంతా ఉంటుంది.

ఛాంపియన్‌కు ఇందులో ఏం కష్టం? ఆయన చెయ్యి ఇరవై ఏళ్లుగా ఒక్కటే నేర్చుకుంది: తాను పొడిపించుకోకూడదు. ఇప్పుడు గురువుగా పొడిపించుకోవడమే పని. సరైన క్షణంలో, సరైన చోట, శిష్యురాలు సరిగ్గా చేసినప్పుడు మాత్రమే. గెలుపు మీద యావ చావని మనిషి ఇచ్చే పాఠంలో తెలియకుండానే ప్రతిసారీ కత్తి అడ్డం పడుతుంది. శిష్యురాలికి అందేది భయమే తప్ప పాఠం కాదు. పైగా గొప్ప ఆటగాళ్లకు తమ చెయ్యి ఏం చేస్తుందో చాలాసార్లు తమకే తెలియదు. చేసేస్తారు, చెప్పలేరు. ట్రిల్లిని ఈ గీత దాటినవాళ్లలో ఒకరు. ఆట మానేశాక యేజీలోనే మాయెస్ట్రో అయింది. 2018 ప్రపంచ ఛాంపియన్ అలీచె వోల్పి ఆమె చేతికింద శిక్షణ పొందింది.

మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి ఫెన్సర్ భవానీ దేవి దారిని ఈ వెలుగులో చూస్తే ఎన్నో విషయాలు అర్థమవుతాయి. చెన్నైలో స్కూల్లో ఆట మొదలుపెట్టింది. కేరళలోని తలస్సేరి సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో సాగర్ లాగూ దగ్గర రాటుదేలింది. ఆ తర్వాత ఇటలీలోని లివోర్నోలో నికోలా జనోత్తి దగ్గరకు చేరింది. ఆమె ఆడేది సేబర్. టోక్యోలో తొలి పోరులో ట్యునీసియాకు చెందిన నాదియా బెన్ అజీజీని 15-3తో ఓడించి, తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనె చేతిలో 7-15తో ఓడింది. ఆమె ఇటలీ వెళ్లింది జాతీయ జట్టు పెద్ద కోసం కాదు, తన చేతికి రోజూ పాఠమిచ్చే మాయెస్ట్రో కోసం. మనకు కొరత ఉన్నది అక్కడే. విదేశీ ప్రధాన కోచ్ ఒకరిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఆ కొరత తీరదు. తెలుగువాళ్లకు కోచ్ అనగానే గుర్తొచ్చే పుల్లెల గోపీచంద్ తన అకాడమీలో పిల్లల చేతికి రాకెట్ నేర్పుతూనే జాతీయ జట్టు బాధ్యతా మోశారు. రెండు పనులూ ఒకే మనిషిలో చూడటంతో వాటి మధ్య తేడా మనకు అంతగా కనిపించదు.

కుర్చీలో కూర్చున్నవాడి పని

ఇటలీలో జాతీయ జట్టు పెద్దను కమిస్సారియో టెక్నికో అంటారు, వాడుకలో సీటీ. ఫాయిల్, ఎపీ, సేబర్‌లకు విడివిడిగా సీటీలుంటారు. క్రీడాకారిణి రోజూ పాఠం తీసుకునేది తన క్లబ్బులో, తన మాయెస్ట్రో దగ్గర. సీటీ ఆమెను శిబిరాల్లో, ప్రపంచ కప్పుల్లో చూస్తాడు. ఎవరు ఆడాలో, ఎవరు రిజర్వ్‌గా ఉండాలో, జట్టు పోటీలో ఎవరు ఏ వరుసలో దిగాలో అంతా ఆయన నిర్ణయం. ఒలింపిక్స్‌లో ఒక దేశానికి వ్యక్తిగత విభాగంలో మూడే చోట్లు. ఇటలీలో ప్రపంచ స్థాయి అమ్మాయిలు ఏ కాలంలో చూసినా అంతకంటే ఎక్కువమందే ఉంటారు. ఒకరిని ఎంచడమంటే ఇంకొకరి నాలుగేళ్ల కష్టాన్ని పక్కన పెట్టడం. ఆమె మాయెస్ట్రో కోపాన్నీ, ఆమె క్లబ్బు కోపాన్నీ నెత్తిన వేసుకోవడం. అందులోనూ సీటీది యేజీ అయి, ఎంపికైన వాళ్లలో యేజీ వాళ్లుంటే నోళ్లు మూయించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

చెరియోని 2005లో ఈ పదవిలోకి వచ్చాడు. ఆ సమయానికి ఫాయిల్ తలకిందులవుతోంది. అంతకుముందు కత్తి మొనను కొరడాలా విదిల్చి, భుజం మీదుగా వీపు మీద తాకించే దెబ్బ రాజ్యమేలేది. మొన క్షణంలో వెయ్యోవంతు నొక్కుకున్నా యంత్రం లైటు వెలిగించేది. ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య యంత్రాల సమయాలు మార్చింది. మొన సుమారు 15 మిల్లీసెకన్లు నొక్కుకుని ఉంటేనే పాయింటు. విదిలించిన దెబ్బలు చాలావరకు తగిలి జారిపోవడం మొదలైంది. అలాగే ఒకరికి లైటు వెలిగాక రెండోవాళ్లకు మిగిలే సమయం ముప్పావు సెకను నుంచి 0.3 సెకనుకు తగ్గింది. పదేళ్లపాటు చేతికి పట్టిన అలవాట్లు ఒక్క సీజన్‌లో పనికిరాకుండా పోయాయి. చెరియోని 1988లో గెలిచిన ఫాయిలూ, 2005లో నడిపించాల్సిన ఫాయిలూ ఒక ఆట కావు. ‘మా రోజుల్లో’ అనే కోచ్ అక్కడ ఒక్క ఏడాది కూడా నిలిచేవాడు కాదు.

అదే ఏడాది జూన్‌లో వెజ్జాలికి కొడుకు పుట్టాడు. నాలుగు నెలలకే, అక్టోబరులో లైప్‌జిగ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆమె స్వర్ణం గెలిచింది. ఇది నూటికి నూరుపాళ్లూ ఆమె ఘనతే. అయితే ప్రసవమై నాలుగు నెలలే అయిన మనిషిని ప్రపంచ పోటీకి తీసుకెళ్లాలనుకోవడం ఒక ఎంపిక. కొత్తగా వచ్చిన సీటీ ఆ నమ్మకం ఉంచడం చిన్న విషయం కాదు.

2008 బీజింగ్‌లో ఫైనల్ ఆఖరి నాలుగు సెకన్లలో పొడిచి 6-5తో దక్షిణ కొరియాకు చెందిన నామ్ హ్యూన్‌హీని ఓడించింది వెజ్జాలి. అది ఆమెకు వరుసగా మూడో వ్యక్తిగత స్వర్ణం. కాంస్య పోరులో ఇద్దరూ ఇటలీవాళ్లే. మార్గెరీతా గ్రన్‌బస్సి, ట్రిల్లినిని ఓడించింది. ఇంత బలగముండి కూడా జట్టు పోటీ సెమీస్‌లో రష్యా చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. ఆ ఓటమి నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ముగ్గురు గొప్పవాళ్లను ఒక చోట చేర్చితే దానికదే గొప్ప జట్టు కాదని అది చూపించింది.

జట్టు పోటీ లెక్క వేరు. ముగ్గురు, అవతలి ముగ్గురితో ఒక్కొక్కరుగా తలపడతారు. మొత్తం తొమ్మిది పోరులు, ఒక్కోటి మూడు నిమిషాలు. స్కోరు రిలే పందెంలా ముందుకు సాగుతుంది. మొదటి జోడీ ఎవరో ఒకరు 5కు చేరేదాకా, రెండో జోడీ 10కి చేరేదాకా, అలా 45 వరకు. వెనకబడిన జట్టులో ఒకరు తన వంతులో ఎనిమిదో పదో పాయింట్లు కొట్టి లెక్క సరిచేయవచ్చు. ఆధిక్యంలో ఉన్నవాళ్లు ఆత్రంగా పొడవకుండా నిలబడి ఉన్నది కాపాడుకోవచ్చు. వరుస ముందే రాసివ్వాలి. చివరి పోరు ఎవరిది? తడబడుతున్నవాళ్ల స్థానంలో రిజర్వ్‌ను ఎప్పుడు దింపాలి? వెజ్జాలి లాంటి మనిషిని ‘ఇప్పుడు పాయింట్లు వద్దు, ఇచ్చిన ఆధిక్యం నిలబెడితే చాలు’ అని ఎలా ఒప్పించాలి? సీటీ చేతిలో నిజంగా ఉన్నవి ఇవే. చేతివేగం ఆయన ఇచ్చింది కాదు. ఈ నిర్ణయాలు మాత్రం ఆయనవే.

అందుకే లండన్ 2012 గురించి అందరూ చెప్పే ఫొటో కంటే, పెద్దగా ఎవరూ చెప్పని రెండు స్కోర్లు నాకు ముఖ్యం. ఆ ఫొటోలో మహిళల ఫాయిల్ పోడియం మీద ముగ్గురూ ఇటలీవాళ్లే. డి ఫ్రాన్సిస్కా స్వర్ణం, అరియాన్నా ఎర్రీగో రజతం, వెజ్జాలి కాంస్యం. అప్పటికి వెజ్జాలికి 38 ఏళ్లు. సెమీస్‌లో ఎర్రీగో చేతిలో ఓడింది. కాంస్యం కోసం మళ్లీ ఆ నామ్ హ్యూన్‌హీతోనే పోరు. చివరి అర నిమిషంలో 8-12తో వెనకబడి, నాలుగు పాయింట్లు తెచ్చుకుని సమం చేసి, అదనపు సమయంలో 13-12తో గెలిచింది. ఫైనల్ 12-11. అందులో ఇద్దరూ తనవాళ్లే అయినప్పుడు సీటీ ఎవరికీ సలహా ఇవ్వలేడు. ఏ పతకం మీద తన పేరు ఎక్కువగా రాస్తారో, ఆ ఫైనల్లోనే ఆయన చేయగలిగింది అతి తక్కువ.

ఇక ఆ రెండు స్కోర్లు. మహిళల జట్టు ఫైనల్లో ఇటలీ 45-31తో రష్యాను చిత్తు చేసింది. బీజింగ్‌లో ఓడించిన అదే రష్యాను. పురుషుల జట్టు 45-39తో జపాన్‌ను ఓడించింది. ఈ పురుషుల్లో ఒక్కరికీ లండన్‌లో వ్యక్తిగత పతకం రాలేదు. విడివిడిగా ఖాళీ చేతులతో మిగిలినవాళ్లు కలిసి స్వర్ణం గెలిచారు. సీటీ పనితనం చూడాలంటే నేనైతే ఈ పతకం దగ్గర ఆగుతాను.

అవతలి బెంచీ

లండన్ తర్వాత చెరియోని రష్యా వెళ్లాడు. ఓడిన జట్టు గెలిచిన జట్టు కోచ్‌నే తెచ్చుకుంది. ఇటలీలో చాలామందికి గుండె కలుక్కుమంది. కానీ ఫెన్సింగ్ ప్రపంచంలో ఇది కొత్త కాదు. సేబర్ కోచ్ క్రిస్టియాన్ బవెర్ ఫ్రెంచివాడు. ఆయన చైనాతో పనిచేస్తున్నప్పుడు 2008లో జోంగ్ మాన్ పురుషుల సేబర్ స్వర్ణం గెలిచాడు. తర్వాత ఆయనా రష్యాకే వెళ్లాడు. కత్తి విద్య తరతరాలుగా ఊరి నుంచి ఊరికి, గురువు వెంట నడిచిన విద్య. జెండా మారితే అది ద్రోహమనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రష్యాలో ఆయన సాధించినదాన్ని కూడా జాగ్రత్తగా విడదీసి చూడాలి. డెరిగ్లజోవా 2012లోనే జట్టు రజతం గెలిచిన మనిషి, 2015లో ప్రపంచ ఛాంపియన్. ఆమె ఆట మవ్ల్యూతోవ్ చేతిమీదుగా వచ్చింది. చెరియోని లేకపోయినా ఆమె పోడియం ఎక్కేదనే నా నమ్మకం. పురుషుల జట్టు సంగతి వేరు. 1996 అట్లాంటా తర్వాత రష్యా పురుషులకు ఫాయిల్ జట్టు స్వర్ణం లేదు. ఇరవై ఏళ్లకు రియోలో, ఫైనల్లో ఫ్రాన్స్‌ను 45-41తో ఓడించి దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. అలెక్సీ చెరెమిసినోవ్, ఆర్తుర్ అఖ్మత్‌ఖుజిన్, తిమూర్ సఫిన్ ఆ జట్టు. సఫిన్‌కు వ్యక్తిగత కాంస్యం కూడా వచ్చింది. లండన్ ఇటలీ పురుషులు, రియో రష్యా పురుషులు: రెండు దేశాలు, రెండు భాషలు, చేతులు తయారైన క్లబ్బులు పూర్తిగా వేరు. ఉమ్మడిగా ఉన్నది బెంచీ మీది మనిషి ఒక్కడే. ఆయన పనికి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనపడలేదు.

చెరియోని రష్యాలో ఉన్న ఈ తొమ్మిదేళ్లూ ఇటలీ ఫాయిల్ సీటీ ఎవరు? అంద్రేయా చిప్రెస్సా. 1984లో లాస్ ఏంజెలెస్‌లో చెరియోనితో కలిసి స్వర్ణం గెలిచిన ఆ చిప్రెస్సా. ఆయన హయాంలో రియోలో డానియెలె గరోజ్జో పురుషుల వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. 2021లో టోక్యోకు వచ్చేసరికి త్రాసు రష్యా వైపు మొగ్గింది. మహిళల జట్టు ఫైనల్లో రష్యన్లు ఫ్రాన్స్‌ను 45-34తో ఓడించి స్వర్ణం గెలిచారు. వ్యక్తిగత విభాగంలో డెరిగ్లజోవాకు రజతం, కొరొబెయ్నికోవాకు కాంస్యం. పురుషుల జట్టు ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో ఓడి రజతం తెచ్చింది. ఇటలీకి మహిళల జట్టు కాంస్యం, గరోజ్జోకు రజతం. ఫాయిల్‌లో స్వర్ణం లేకుండా ఇంటికి రావడం ఇటలీకి మామూలు విషయం కాదు. ఆ ఏడాదే చెరియోనిని వెనక్కి పిలిచారు.

రెండో విడత బాగా మొదలైంది. 2022లో కైరో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణాలు గెలిచాయి. 2023లో సొంత గడ్డ మిలాన్‌లో వోల్పి, తొమ్మాసో మరీని వ్యక్తిగత ప్రపంచ ఛాంపియన్లయ్యారు. మహిళల ఫైనల్ వోల్పికీ ఎర్రీగోకూ మధ్యే.

తర్వాత పారిస్ 2024. ఫిలిప్పో మక్కి పురుషుల ఫైనల్లో హాంకాంగ్‌కు చెందిన చ్యూంగ్ కా లాంగ్ మీద 14-12 ఆధిక్యంలోకి వెళ్లాడు. ఇంకొక్క పాయింటు. చ్యూంగ్ 14-14 చేశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి దూకడం, రిఫరీ వీడియో చూడటం, పాయింటు ఇవ్వకపోవడం, మళ్లీ మొదలు. చివరికి పాయింటు చ్యూంగ్‌కు దక్కింది. ఇటలీ సమాఖ్య రిఫరీల మీద ఫిర్యాదు చేసింది గానీ ఫలితం మారలేదు. మహిళల జట్టు ఫైనల్లో అమెరికా 45-39తో గెలిచింది. పురుషుల జట్టు ఫైనల్లో జపాన్ 45-36తో గెలిచింది. మూడు ఫైనల్స్, మూడు రజతాలు. మూడు ఫైనల్స్‌కు చేరిన జట్టును విఫలమైందనడం నాకు చేతకాదు. ఒకే పాయింటు అటూ ఇటూ అయ్యే ఆటలో సీటీని స్వర్ణాల లెక్కతోనే తూచితే బీజింగ్ నాలుగు సెకన్లూ, లండన్ అర నిమిషమూ ఆయన ఖాతాలో వేసి, పారిస్ ఒక్క పాయింటు మాత్రం తీసేసినట్టు అవుతుంది. రెండూ సరికాదు.

ఈ ఓటముల్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది జపాన్ చేతిలో ఓటమి. లండన్‌లో చెరియోని జట్టు చేతిలో ఓడి రజతంతో వెళ్లిన జపాన్, పన్నెండేళ్లకు అదే చెరియోని జట్టును ఓడించి స్వర్ణం తీసుకుంది. ఆ జపాన్ జట్టుకు కోచ్ ఫ్రెంచివాడైన ఎర్వాన్ లె పెషూ. టోక్యోలో చెరియోని నడిపిన రష్యా పురుషులను ఫైనల్లో ఓడించిన ఫ్రాన్స్ జట్టు సభ్యుడాయన. అంటే మూడేళ్ల తేడాలో ఒకసారి కత్తి పట్టుకుని, ఇంకోసారి బెంచీ మీద కూర్చుని, ఒకే మనిషిని రెండు వేర్వేరు జెండాల కింద ఓడించాడు. చెరియోని 1988 నుంచి 2012 వరకు నడిచిన దారిలోనే లె పెషూ ఇంకా వేగంగా నడుస్తున్నాడు. పారిస్ తర్వాత ఇటలీ ఫాయిల్ సీటీగా సిమోనె వాన్ని వచ్చాడు. 2004 ఏథెన్స్‌లో ఇటలీకి పురుషుల ఫాయిల్ జట్టు స్వర్ణం తెచ్చినవాళ్లలో ఆయనొకడు.